పెట్రోలు ట్యాంకు నోరు

ఇల్లు గట్టువారు సింహద్వార మే దిక్కున నుండవలెనో పునాది త్రవ్వక మునుపే నిర్ణయించుకొందురు. గోడలు లేచి, కప్పు పడి, సున్నము గొట్టిన పిదప "ఇక వాకిలి యెక్కడ పెట్టుదము?" అని యడుగు గృహస్థుని జూచి లోకము నవ్వదా? మోటారుబండ్లు గట్టువారిలో మాత్ర మిట్టివారు పెక్కుమంది గలరు. యంత్రము కుదిరినది, చక్రములు కుదిరినవి, పైయొడలు రంగుతో తళతళలాడుచున్నది. అప్పుడుగాని పెట్రోలు పోయుటకు నోరెక్కడ నన్న ప్రశ్న పుట్టదు. అంత ఆలస్యముగ పుట్టిన ప్రశ్నకు కన్ను జవాబు చెప్పును. అందముగ గనబడిన చోట రంధ్రము తొలుతురు. ఆ నోరు కన్ను చెప్పిన చోట గాక, బండి కడుపు చెప్పిన చోట నుండవలె ననుటయే యీ వ్యాసమున మేము విన్నవింపదలచిన మాట.

"వంటయింటి యాడువారికి ట్యాంకు మూతతో నేమి పని?" అని కొంద రనవచ్చును. మా గంగవరము పలమనేరునకు పొరుగూరు. చిత్తూరునుండి బెంగుళూరు పోవు రహదారి యీ సీమమీదుగనే సాగుటచే, ప్రయాణికుల బస్సులును, మదనపల్లె, పుంగనూరు ప్రాంతముల టమోటాలను మోయు లారీలును రేయింబవళ్లు తిరుగుచుండును. మన బిడ్డలు ఆ బస్సులలోనే చదువులకు పోవుదురు. మనలో ననేకులు స్కూటరు నడుపుచు బంకునొద్ద స్వయముగ పెట్రోలు పోయించుకొనుచున్నారు. ఇంతకు మించిన సంబంధ మేమి కావలెను?

అదియునుగాక, మోటారుబండిపై తొలి దూరప్రయాణము చేసిన కీర్తి స్త్రీదే. 1888 ఆగష్టులో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నామె తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన బండిని దీసికొని, ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు మించిన దారి నడిచినది. నడుమ నింధనము చాలకపోగా, వీస్లోక్ అను నూరిలో మందులయంగడికి పోయి లిగ్రోయిన్ అను తైలమును కొని బండికి పోసినది. ఇంధనపు గొట్టము పూడినప్పుడు తన టోపీసూదితో పొడిచి శుభ్రపరచినదందురు. బంకు లనునవి పుట్టకముందే బండి యాకలి తీర్చు బాధ్యతను వహించిన దొక గృహిణి యనుట మనము మరువరాదు.

ఇక విషయమునకు వత్తము. ఇరుకుమెడ కూజాను నీటిలో ముంచినప్పుడు గుటగుటమని శబ్దము వచ్చుట మన మెల్లర మెరిగినదే. కూజా ఖాళీగ నున్నదని మన మనుకొందుము గాని, దానినిండ గాలి యున్నది. ఒక లీటరు నీరు లోనికి బోవలెనన్న ఒక లీటరు గాలి వెలికి రావలెను. రెండింటికి నొక్కటే త్రోవ యైనప్పుడు, అవి యొండొంటి నొరసికొనుచు వంతులవారీగ నడచును. ఆ పోరే గుటగుట శబ్దము. సీసా మూతికి గరాటు గట్టిగ బిగిసినప్పుడు నూనె దిగక నిలిచిపోవుటయు, గరాటును కొంచెమెత్తి పట్టినంతనే జారిపోవుటయు నిందువలననే.

ట్యాంకు సంగతియు నింతే. వేగము మాత్ర మెక్కువ. బంకులోని గొట్టము నిమిషమునకు ముప్పది, నలుబది లీటర్ల వంతున పోయగలదు. అంత గాలియు నావిరియు నదే వేగముతో వెలుపలికి రావలెను. బంకు గొట్టపు కొనయం దొక సన్నని రంధ్రముండును. పెట్రోలు పైకి లేచి యా రంధ్రమును మూసినంతనే లోపలి తంత్రము 'టక్కు'మని ప్రవాహము నాపును. ట్యాంకు నిండినప్పు డిది చక్కని యేర్పాటు. కాని బండినోటి గొట్టము సన్ననిదైనను, నడుమ జోలెవలె జారియున్నను, గాలికి వేఱు త్రోవ లేకున్నను పెట్రోలు వెనుకకు తన్నుకొని వచ్చును. ట్యాంకు సగమైనను నిండకయే గొట్టము మాటిమాటికి ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు పోయువాని చేతులమీదను, బట్టలమీదను చిమ్మును.

మన పూర్వులు గడియను కొలుచుటకు రాగిగిన్నె యడుగున సన్నని రంధ్రము చేసి నీటిపై విడిచెడివారు. గిన్నె నిండి మునుగుటకు పట్టుకాల మొక గడియ, అనగా 24 నిమిషములు. రంధ్రము వెండ్రుకవాసి పెరిగినను లగ్నమే తప్పును. రంధ్రపు కొలత నంతటి శ్రద్ధతో జూచిన జాతికి, బండినోటి కొలత చిన్నవిషయముగ తోచరాదు. దేశదేశముల ఇంజనీరింగు విద్యార్థులు పాల్గొను 'ఫార్ములా' పోటీల నియమములయందు, ట్యాంకు మెడ లోపలి వెడల్పు 35 మిల్లీమీటర్లకు తక్కువ కారాదనియు, ఆ మెడ ట్యాంకు పైమట్టమున కనీసము 125 మిల్లీమీటర్ల యెత్తు లేచియుండవలెననియు శాసించిరి. బండిని వంపకయు, కుదుపకయు ట్యాంకు పూర్తిగ నిండవలెను. ఇది యెవరి రుచికో వదలిన విషయము కాదు.

నోరెక్కడ నుండవలెనో తెలిసికొనుటకు లోకము చాల మూల్యము చెల్లించినది. 1908లో వెలువడిన ఫోర్డు 'టి' బండిలో ట్యాంకు ముందుసీటు క్రింద నుండెడిది. పెట్రోలు పోయించినప్పుడెల్ల కూర్చున్నవారు దిగి సీటెత్తవలసి వచ్చెడిది. 1927లో వచ్చిన 'ఎ' బండిలో ట్యాంకు నెదుటి యద్దమునకు ముందు భాగమున నమర్చిరి. పంపు లేకయే పెట్రోలు క్రిందికి దిగుట కది యనుకూలమే గాని, ప్రయాణికుల మోకాళ్ల కెదుటనే పెట్రోలు కుండను వ్రేలగట్టినట్లాయెను. 1956లో షెవ్రొలే వారు నోటిని వెనుక నెడమవైపు దీపము చాటున దాచిరి. అది కంటి కింపుగనే యుండెను గాని, బంకులో క్రొత్తవాడు మూతకొఱకు బండి చుట్టును ప్రదక్షిణము చేయవలసివచ్చెడిది.

వీని యన్నింటికంటె కఠినమైన పాఠము ఫోర్డువారి 'పింటో' బండి నేర్పినది. దానిలో ట్యాంకు వెనుక ఇరుసునకు నావల నుండెను. వెనుకనుండి మరియొక బండి ఢీకొనినప్పుడు నోటినుండి పోవు గొట్టము ట్యాంకునుండి యూడివచ్చి, పెట్రోలు చిందుటకు దారి యేర్పడెడిది. నిప్పంటుకొని కొందరు మరణించిరి. తుదకు 1978లో సుమారు 15 లక్షల బండ్లను వెనుకకు బిలిపించి, మునుపటికంటె పొడవైన గొట్టమును, ట్యాంకునకు ప్లాస్టిక్ అడ్డును అమర్చ నిశ్చయించిరి. ఆ గొట్టము పొడవును గూర్చి మొదటనే యాలోచించియుండిన నెన్ని యిండ్లలో దీపములు నిలిచియుండెడివో!

మన తెలుగునాట బండి యొడలు గట్టుట క్రొత్త విద్య కాదు. విజయవాడలో 1966లో నెలకొన్న ఆటోనగరు ఈ పనికి ప్రసిద్ధి కెక్కినది. అస్థిపంజరమువంటి ఛాసిస్ కర్మాగారమునుండి వచ్చును. వడ్రంగులు, కమ్మరులు, రంగువారు కలిసి దానికి లారీ యొడలు తొడుగుదురు. లారీ ట్యాంకు ప్రక్కన బయటనే వ్రేలాడుచుండును గనుక నోటికై వెదుక నక్కరలేదు. బస్సు సంగతి వేఱు. బస్సు చర్మము ట్యాంకును కప్పివేయును. కాబట్టి నోటి కెదురుగ చిన్నతలుపు నొకదానిని విడువవలెను. మనదేశమున బస్సుల యొడలు నిర్మాణమునకై ఏ.ఐ.ఎస్.-052 అను నియమావళి యేర్పడినది. ఈ విషయమున నే దేశపు నియమములు చదివినను సారమిదియే: నోరు ప్రయాణికులు కూర్చుండు గదిలో నుండరాదు, వెలుపలినుండియే తెఱచునట్లుండవలెను, పోయునప్పుడు చిందినది వేడి యంత్రముపైనను, పొగగొట్టముపైనను పడరాదు, ప్రయాణికు లెక్కి దిగు ద్వారమునకు దూరముగ నుండవలెను, బండి తలక్రిందులైనను ఇంధనము ధారగట్టి కారరాదు.

విడిభాగములను దెచ్చుకొని యింటియొద్దనే కారు కట్టుకొను వేడుక సీమదేశమున మెండు. 1957లో వచ్చిన 'లోటస్ సెవెన్' అట్టి బండ్లలో పేరొందినది. మనదేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, రిజిస్టరైన బండి రూపమును తోచినట్లు మార్చి రోడ్డుమీద నడుపుట నేరము. ఐనను విద్యార్థుల పోటీలకై, రోడ్డెక్కని చిన్నబండ్లను కట్టుట కనుమతి గలదు. 2007 మొదలు జరుగుచున్న 'బాహా' పోటీ లట్టివే. మా వారియొద్ద చదివి, యిప్పు డింజనీరింగు చదువుచున్న నలుగురు బాలురు అట్టి బండినొకదానిని మా పెరటి చింతచెట్టు నీడలో కూర్చుచుండ, దాని నియమములను చదివించి వినుటయు, పని జూచుటయు మాకు తటస్థించినది.

గాజునారను జిగురుమందుతో గట్టిపరచి చేసిన ఫైబరు ఒడలు వారు తెచ్చిరి. నున్నని యా ఒడలును తడవుచు, "అమ్మగారూ, నోరు వెనుక నీ వంపుమీద పెట్టిన చూచుటకు సొగసుగ నుండును గదా?" అని పెద్దవాడు మమ్మడిగెను.

"ట్యాంకెక్కడ నాయనా?" అంటిమి.

"సీటు వెనుక."

"మరి యక్కడనుండి వంపు వరకు గొట్టము దిగుచు పోవునా, ఎక్కుచు పోవునా?"

నలుగురును వంగి చూచిరి. గొట్టము మొదట దిగి, ఇరుసుమీదుగ నెక్కి, మరల దిగవలసియుండెను. పైగా పొగగొట్టమున కది జానెడు దూరముననే పోవును. ఆ సొగసైన చోటును వారు మరి తలపెట్టలేదు. పిదప వారు చేసిన పనిని వరుసగ వ్రాసెదము. ఇంట నిట్టి పని చేయు కుమారులో, తమ్ములో గల సోదరీమణుల కుపయోగించును.

మొట్టమొదట, రంధ్రము తొలుచునప్పుడు ట్యాంకు బండిలో లేదు. మునుపు వాడిన ట్యాంకు "ఖాళీయే గదా" యని నమ్మరాదు. నిండుట్యాంకుకంటె ఖాళీట్యాంకే భయంకరము. ఏలన, దానిలో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి నిప్పురవ్వకై యెదురుచూచుచుండును. పెట్రోలు సున్నకు నలుబది డిగ్రీలు దిగువనున్న చలిలో సైత మంటుకొనదగిన యావిరి నిచ్చును. ఆ యావిరి గాలికంటె బరువైనది. నేలబడి ప్రాకి, దూరముననున్న పొయ్యిని సైతము చేరగలదు. పాతట్యాంకునకు మాటు వేయింపబోయి ప్రాణములు గోలుపోయినవారు గలరు.

రెండవది, ట్యాంకున్న తావున అట్టపెట్టెతో నమూనా నుంచి, దాని మెడకు సరిగ పైన నొడలిపై చోటు వెదకిరి. తాపీవారి తూకపుగుండును దారమున వ్రేలాడదీసి, ఒడలిమీది గుర్తు మెడకు నిలువుగ వచ్చునట్లు చూచిరి. లోపల చక్రము పైకెగిరినప్పుడు గొట్టమును తాకునా, తలుపు బందు లడ్డువచ్చునా యని పరీక్షించిరి. తీగ నడుమ నెక్కడను జోలె పడక, నోటినుండి ట్యాంకువరకు నేకవాలుగ దిగవలెనని దూలగొట్టముతో నొకసారి నడిపి చూచిరి. కాగితము కత్తిరించి అంటించి, అది కుదిరిన పిదపనే కత్తి చేతబట్టిరి.

మూడవది, కోయుట. ఫైబరుపై నున్న నున్ననిపొర పెళుసు. కావున గుర్తుచుట్టును అంటుపట్టీ వేసి, వెలుపలివైపునుండి సన్నని బెజ్జముతో నారంభించి, క్రమముగ నాకురాయితో పెంచిరి. రెండు మూడు మారులు మూతకట్టును పెట్టి చూచుచు పోయిరి. రంధ్రమును పెంచవచ్చును గాని తగ్గింపరాదు గదా! గాజుపొడి ఊపిరితిత్తులకు కీడు చేయును, ఒంటికి దురద పుట్టించును. కావున ముక్కు మూతులకు కట్టు, నిండుచేతుల చొక్కా తప్పవు. పిల్లలను, ఆరవేసిన బట్టలను దూరముగ నుంచవలెను. కోసిన యంచునకు జిగురుమందు పూసిన, నీరు దిగి నార చీలదు.

నాలుగవది, బిగించుట. లోహపుకట్టునకు నడుమ రబ్బరు చుట్టను వేసి, మరల నొకదాని ప్రక్క నొకటి గాక, ఎదురెదురుగ కొంచెము కొంచెము బిగించిరి. బలము చూపిన ఫైబరు పగులును. లోపలివైపు వెడల్పైన బిళ్లల నుంచుటచే బరువు చెదరి నిలుచును. గొట్టము పెట్రోలునకై చేసినదే కావలెను. నీటి గొట్టము కొలదినెలలలో నుబ్బి, మెత్తబడి, చీలును. ఇరుకొనలను ఉక్కుపట్టీలతో బిగింపవలెను. ట్యాంకు నెత్తినుండి నోటి దాపునకు సన్నని గాలిగొట్టము వేఱుగ నడపవలెను. బండి తలక్రిందులైనప్పుడు మూసికొను కవాటము నీ గాలిత్రోవయం దమర్చవలెను.

ఐదవది, చుట్టును పళ్లెము. నోటిచుట్టును గుంటవలె నుండుచోట వాననీరును, చిందిన పెట్రోలును నిలుచును. ఆ గుంటయడుగున రంధ్రము చేసి, సన్నగొట్టముతో బండి క్రిందికి, వేడిభాగములకు దూరముగ విడువవలెను. తులసికోటకు నీరు పోవు తూము నుంచు చేతికి దీని యవసరము వేఱుగ చెప్పనక్కరలేదు.

ఆరవది, మిగుల ముఖ్యమైనదియు నెక్కువమంది మరచునదియు. ఇనుప యొడలుగల బండిలో నోరును ఛాసిస్సును సహజముగనే కలిసియుండును. ఫైబరు విద్యుత్తును పోనీయదు. ద్రవము గొట్టమున వడిగ ప్రవహించునప్పుడు పుట్టు విద్యుత్తు, ఫైబరుపై నొంటరిగ నున్న లోహపునోటియందు చేరి, ఒక్కసారి రవ్వగ దూకవచ్చును. చుట్టును ఆవిరి యుండగనే దూకును! కావున నోటికట్టునుండి ఛాసిస్సునకు రాగితీగ నొకదానిని తప్పక కలుపవలెను. కొలది మూరల తీగ; వెల స్వల్పము.

తుదకు, బండిని వెలుపల నిలిపి కొంచెము పెట్రోలు మాత్రము పోసి కీలులన్నియు తడిమి చూచిరి. పిదప వాలునేల నిలిపి మరల జూచిరి. మొగిలి కనుమ యెక్కుబండిలో పెట్రోలు వెనుకకు, దిగుబండిలో ముందునకు చేరునని యెరిగిన మాసీమవారికి ఈ పరీక్ష విలువ తెలియును.

ఇంత చదివిన సోదరీమణులు, బండి కట్టకున్నను, తమ కుపకరించు నాలుగు మాటలు గ్రహింతురుగాక. బంకు గొట్టము మొదటిసారి టక్కుమన్నంతనే చాలింపుడు. ఎండలో ద్రవము వ్యాకోచించును. నలుబది లీటర్ల పెట్రోలు ఇరువది డిగ్రీలు వేడెక్కిన ముప్పాతిక లీటరు వరకు పెరుగును, దానికి చోటు కావలెను. సీటు క్రింద నోరుగల స్కూటరైనచో యంత్రమునాపి, బిడ్డను దింపి, పిమ్మట మూత తీయుడు. డీజిలు గొట్టము లావైనదగుటచే పెట్రోలుబండి మెడలో సాధారణముగ పట్టదు గాని, సన్నని పెట్రోలుగొట్టము డీజిలుబండిలో సులువుగ దూరును. కనుక పోయించుకొనుటకు ముందు నోట చెప్పి, కంట జూడుడు. అనేక కార్లలో పెట్రోలుముల్లు ప్రక్కనున్న చిన్నబాణపు గుర్తు నోరే ప్రక్కనున్నదో తెలుపును. మూత పోయినప్పుడు గుడ్డపేలికయు, ప్లాస్టిక్ సంచియు గ్రుక్కి తిరుగువారిని మనము నిత్యము చూచుచున్నాము. అట్టి బండిమీద బిడ్డ నెక్కింపకుడు. సీసాలలో పెట్రోలును వంటయింటి మూల దాచుట యెంతమాత్రము తగదు. తప్పనిసరియై తగిన డబ్బాలో పోయించునప్పుడు దానిని బండిమీద గాక నేలమీద నుంచుడు.

2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున, మహబూబునగరు జిల్లా పాలెము సమీపమున, బెంగుళూరునుండి హైదరాబాదు పోవు బస్సు కల్వర్టును ఢీకొని నిప్పంటుకొనగా 45 మంది కాలిపోయిరి. 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున, కర్నూలు సమీపమున చిన్నటేకూరు చెంత, హైదరాబాదునుండి బెంగుళూరు పోవు బస్సు క్రింద మోటారుసైకిలు చిక్కి యీడ్వబడ, మంటలు లేచి నిద్రలోనున్న ప్రయాణికు లనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి ఘోరములకు కారణము లనేకములు. ఒక్క మూతతోనే యన్నియు నివారణ మగునని మేము చెప్పము. కాని తైలము తన పాత్రలో నిలిచియున్నంతకాలము నిప్పునకు ఆహారము దొరకదు.

లక్కయింట పాండవులు బ్రతికి బయటపడుట విదురుని ముందుచూపు వలననే. మంట లేచిన పిదప కాదు, లేవకముందే యాతడు సొరంగమునకు త్రవ్వకరిని బంపెను. మన యిండ్లలో బండి కొనునప్పుడు రంగును గూర్చి యాడువారి నభిప్రాయ మడుగుట వాడుక. ఇకమీదట రంగు చెప్పుటకు ముందు మూత తెఱపించి చూడుడు. రబ్బరుచుట్ట యున్నదా? మూత గట్టిగ బిగియుచున్నదా? పెట్రోలు వాసన వచ్చుచున్నదా? ఈ మూడు ప్రశ్నలకు సరియైన జవాబు వచ్చిన పిదప, మీ కిష్టమైన రంగు కోరుకొనుడు.